పేరు అడగని ఫారం

జూన్ 3

హెడ్ మేడమ్ గదిలోకి పిలిచారు. కేసు షీట్‌లో ఏం తప్పు రాశానోనని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. తప్పు కాదు.

"నువ్వు బాగా రాస్తావటగా," అన్నారు. ఎవరు చెప్పారో. "వచ్చే నెల ఇన్‌స్పెక్షన్. శిక్షణ ఎలా ఉందో పీజీలనే అడిగి, వాళ్ళు చెప్పినదాన్నిబట్టి ఏం మార్చుకున్నామో చూపించమంటున్నారు. పాత సర్వే తీసి చూశాను. సిగ్గేసింది. ఈసారి ప్రశ్నలు నువ్వు తయారుచెయ్యమ్మా."

పాత సర్వే సంగతి నాకూ తెలుసు. పోయినసారి, మేమంతా పొడుగు అని పిలిచే తోటి పీజీ టీ తాగుతూ అందరి ఫారాలూ తనే నింపేశాడు, ఒకే పెన్నుతో, పైనుంచి కిందికి ఒకే గీత. బోధన: చాలా బాగుంది. పర్యవేక్షణ: చాలా బాగుంది. హాస్టల్ నీళ్ళు: చాలా బాగుంది. ఆ వారం నీళ్ళే రాలేదు.

పర్యవేక్షణ. ఎంత ఎత్తు మీదున్న మాటో. పైనుంచి చూడడం. నాకు పక్కన నిలబడి చూసే మాట కావాలి. ఐసీయూలో మంచానికీ మంచానికీ మధ్య అదే వెతుక్కున్నాను. దొరకలేదు. అయినా ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో.

జూన్ 5

రాసిన ప్రశ్నలన్నీ నా గదిలో ఉండే సీనియర్ అక్కకి చదివి వినిపించాను. అక్క మంచం మీద పుస్తకం గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని వింది.

"నిద్రపోయావా?"

"మూడో ప్రశ్న దగ్గర పోయాను. మళ్ళీ లేచాను, అది ఇంకా అవలేదు."

మూడోది నాకు బాగా నచ్చిన ప్రశ్న. "మీకు ఇంకా పూర్తిగా పట్టుబడని ప్రక్రియను, అనుభవజ్ఞుల సాన్నిధ్యం లేకుండా, రోగిపై నిర్వహించవలసిన అగత్యం ఏర్పడిందా?" అగత్యం అనే మాట కోసమే ఆ వాక్యం కట్టాను.

"ఒసే పిచ్చిదానా," అంది అక్క. "మత్తిచ్చేవాళ్ళం, మనమే నిద్రకి మొహం వాచి ఉన్నాం. అగత్యం, సాన్నిధ్యం అంటే ఎవరు చదువుతారు? సూటిగా అడుగు. మిమ్మల్ని ఎప్పుడైనా ఒంటరిగా వదిలేశారా, అను."

కొట్టేసి అదే రాశాను. బాధేసింది. కానీ అదే బాగుంది.

నేను ఈ ఆస్పత్రికి వచ్చిన మొదటి వారం, రోగి మొహం మీద మాస్కు ఆనించడం రాక గాలి కారిపోతుంటే, వెనకనుంచి వచ్చి నా చేతి మీద చెయ్యేసి నొక్కిపెట్టిన మనిషి అక్క. అప్పటినుంచీ ఒకే గది. తనది మూడో సంవత్సరం. ఫైనల్ పరీక్ష దగ్గరికొచ్చింది. చేసిన కేసుల లాగ్‌బుక్ మీద మేడమ్ సంతకం పడితే పరీక్షకి కూర్చుంటుంది, పాసైతే కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది. బుజ్జికి మాటలు వచ్చింది వాళ్ళ నాయనమ్మ ఇంట్లో. మొదటి మాట అక్క ఫోన్‌లో వింది.

జూన్ 8

ఈసారి కాగితం వద్దనుకున్నాను. ఫోన్‌లోనే ఫారం. చేతిరాత కూడా తెలియకూడదు కదా. అందరికీ లింకు పంపి, క్యాంటీన్‌లో ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి చెప్పాను. పేరు లేదు, నంబర్ లేదు, నిజం రాయండి.

"ఏమోయ్ నిఘంటువూ," అన్నాడు పొడుగు, "నిజం రాస్తే ఏమిస్తావ్?"

"మన తర్వాత వచ్చేవాళ్ళకి మంచి శిక్షణ."

"నాకు ఇప్పుడొక ఆమ్లెట్ ఇప్పించు, చాలు."

ఇప్పించాను. రాస్తానన్నాడు.

ఈ నాలుగు రోజుల్లో నేను చదివిన వ్యాసాల్లో ఒక మాట పదే పదే ఉంది. అభిప్రాయాలను విడివిడిగా విశ్లేషించకపోతే సర్వేకి విలువ లేదని. ఏ సంవత్సరం వాళ్ళకి ఏ కష్టం, ఏ పోస్టింగులో ఏ లోటు, అది తెలిస్తేనే మార్చగలరు. అందుకని మొదట్లోనే రెండు చిన్న గళ్ళు పెట్టాను. సంవత్సరం. ఈ మూడు నెలల పోస్టింగు. మేడమ్ చూసి తల ఊపారు. "శాస్త్రీయంగా ఉంది," అన్నారు.

జూన్ 13

అన్నీ వచ్చేశాయి.

ఒంటరిగా వదిలేశారా అన్నదానికి దాదాపు అందరూ "ఎప్పుడూ లేదు" అని గీశారు. కింద ఖాళీ గడిలో ఎవరూ ఏమీ రాయలేదు. ఒక్కరు రాశారు.

"పిల్లల థియేటర్. మధ్యాహ్నం భోజనాల వేళ. సారు ఇప్పుడే వస్తానని వెళ్ళారు. కేసు మధ్యలో బాబు ఊపిరి గొట్టం జారింది. గోడ ఫోన్ నుంచి నర్సు చేత ఫోన్ చేయించాను. మోగింది. మోగుతూనే ఉంది. బాబు పెదాలు నీలంగా అయ్యాయి. మళ్ళీ గొట్టం వేశాను, పడింది. బాబుకి ఏమీ కాలేదు. నాకే ఏదో అయింది. అప్పటినుంచి ఏ ఫోన్ మోగినా నాకు ఆ రంగు కనిపిస్తుంది."

చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఒక్క విశేషణం లేదు. నేనెప్పుడైనా ఇలా రాయగలనా?

ఎవరు రాశారో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. పేర్లు లేవు.

జూన్ 14

పట్టిక పూర్తయింది. సంవత్సరాల వారీగా, పోస్టింగుల వారీగా వరస పెట్టాను. ప్రతి జవాబూ ఉన్నదున్నట్టు ఎక్కించాను, ఒక్క అక్షరం మార్చలేదు. మేడమ్ టేబుల్ మీద పెట్టి వచ్చాను. చాలా అందంగా వచ్చింది.

జూన్ 17

అక్కని మేడమ్ పిలిచారు. అక్క వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పరీక్ష గురించి అయి ఉంటుంది.

జూన్ 18

పరీక్ష గురించే.

మెమో ఇచ్చారు. పిల్లల థియేటర్‌లో ప్రమాదం జరిగితే వెంటనే పైవాళ్ళకి ఎందుకు తెలియజేయలేదు, కేసు షీట్‌లో ఎందుకు రాయలేదు, సంజాయిషీ ఇవ్వాలి. అంతవరకూ లాగ్‌బుక్ మీద సంతకం ఉండదు. ఆ రోజు వెళ్ళిపోయిన చిన్నసారేమో తనకసలు ఫోనే రాలేదంటున్నారు. ఆ గోడ ఫోన్ నుంచి ఆయన గది ఫోన్‌కి చేస్తే, ఎవరు ఎవరికి చేశారో ఎక్కడా మిగలదు. అందులో తేదీ కూడా కనిపించదు.

అక్క మెమోని నాకు చూపించి, మళ్ళీ మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది.

"షీట్‌లో రాయొద్దన్నది ఆయనే," అంది. "బాబు బాగానే ఉన్నాడుగా, ఎందుకు గొడవ అన్నాడు. నేనూ సరేనన్నాను. అదే నా తప్పు."

దిండు సర్దుతూ అడిగింది. "పేరు లేదుగా. వాళ్ళకెలా తెలిసిందే?"

"ఎవరో ఊహించి ఉంటారు," అన్నాను.

జూన్ 19

ఎవరో ఊహించి ఉంటారు. లేకపోతే ఆ నర్సు చెప్పి ఉండొచ్చు. ఆస్పత్రిలో ఏదీ దాగదు. నేను పేర్లు పెట్టలేదు.

జూన్ 20

నేను పేర్లు పెట్టలేదు.

జూన్ 21

పొడుగు నన్ను మెట్ల దగ్గర ఆపాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు.

"మూడో సంవత్సరం వాళ్ళు ఎందరు?"

"ఇద్దరు."

"అందులో పిల్లల థియేటర్ ఎవరికి?"

నేను మెట్ల కమ్మీ పట్టుకున్నాను.

"పేరు రాయకపోతే ఏం, ఇంటి అడ్రసు రాసిచ్చావు. ఏ మేడ, ఏ తలుపు అన్నీ. అంత చదువూ చదివి, ఆ మాత్రం తట్టలేదా నీకు?"

తట్టలేదు. నిజంగా తట్టలేదు. మందు మోతాదు లెక్కకట్టేటప్పుడు ముందూ వెనకా చూసుకునేదాన్ని, ఈ రెండు గళ్ళూ కలిపితే ఒక మనిషి అవుతుందని చూసుకోలేదు. శాస్త్రీయంగా ఉందన్నారు. ఆ మాట విని మురిసిపోయాను.

అక్కకి చెప్పాలి. రేపు చెప్తాను.

జూన్ 22

అక్క డ్యూటీలో ఉంది. కుదరలేదు.

జూన్ 23

అక్కకి తలనొప్పి. ఇలాంటప్పుడు చెప్పడం బాగుండదు.

జూన్ 25

సాయంత్రం అక్క ఫోన్ మోగింది. అక్క దాన్ని చూసి, లేచి, బాత్‌రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఫోన్ మోగుతూనే ఉంది. నేను తీశాను. బుజ్జి మొహం తెరకి అతుక్కుపోయి ఉంది, ముక్కు తప్ప ఏమీ కనిపించలేదు.

"అమ్మేది పిన్నీ?"

"స్నానం చేస్తోంది తల్లీ."

"నిన్నా స్నానమే చేసింది. మొన్నా చేసింది."

"ఎండలు కదా."

"నేను పాట నేర్చుకున్నా. అమ్మ వచ్చాక పాడతాలే." పెట్టేసింది.

బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు లేదు. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కా అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను.  అక్క ఊపిరి వినిపిస్తుందేమోనని చెవి ఆనించాను. రోజూ మేం చేసే పని అదే కదా, ఊపిరి ఉందో లేదో చూడడం.

"బతికే ఉన్నానులే," అంది లోపల్నుంచి. "అవతలికి పో."

పోలేదు. అక్కడే నేల మీద కూర్చున్నాను. ఇప్పుడూ అక్కడే కూర్చుని రాస్తున్నాను. అక్క బయటికొచ్చి నన్ను దాటుకుని వెళ్ళి పడుకుంది.

జూన్ 26

చెప్పాను.

అక్క బట్టలు మడతపెడుతోంది. ఆపలేదు. "మెమో వచ్చినరోజే తెలుసు నాకు," అంది. "ఆ గళ్ళు నేను కూడా నింపానుగా. నింపేటప్పుడు నీ మీద నమ్మకంతో ఆలోచించలేదు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"తిట్టక్కా."

"తిడదామనే అనుకున్నానే. ఇప్పుడు ఓపిక లేదు."

జూన్ 27

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆ జవాబు పట్టికలోంచి తీసేస్తానని చెప్పాను.

"కాగితంలోంచి తీస్తావు. నా కళ్ళలోంచి ఎలా తీస్తావమ్మా?" అన్నారు. "ఒక బిడ్డ ప్రాణం మీదికొచ్చిందని నా టేబుల్ మీదికి రాతపూర్వకంగా వచ్చింది. నేను ఊరుకుంటే రేపు అడిగేవాళ్ళు నన్నడుగుతారు. ఆయన ఫోన్ రాలేదంటాడు. ఆ పిల్ల చేయించానంటుంది. నర్సు నాకు గుర్తులేదంటుంది."

"అక్క అబద్ధం చెప్పదు మేడమ్."

"నాకు తెలియదా? మూడేళ్ళుగా చూస్తున్నాను. తెలిసి ఏం చెయ్యను, చెప్పు."

మేడమ్ సొరుగులోంచి నా పట్టిక తీశారు. అందంగా వచ్చిందనుకున్న ఆ పట్టికే. నా వైపు తిప్పి వేలు పెట్టారు.

"ఇదిగో, నీ మూడో ప్రశ్న. అందరికీ ఎల్లవేళలా పక్కన పెద్దవాళ్ళు ఉన్నారట. ఈ పిల్లకొక్కదానికే లేరట. ఇన్‌స్పెక్షన్ కమిటీ వాళ్ళు దీన్ని చూసి ఏమనుకుంటారు? ఇలాంటివి ఇంకా నాలుగు వచ్చి ఉంటే అది డిపార్ట్‌మెంట్‌కి పట్టిన రోగమని నేనే నిలబడి చెప్పేదాన్ని. ఆయన్ని కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఈ పిల్ల మెమో చించేసేదాన్ని. ఒక్కటే వస్తే అది ఈ పిల్ల రోగం కిందే జమ."

ఆ వేలు ఇంకొంచెం కిందికి జరిగింది. రెండో సంవత్సరం. ఐసీయూ. ఎప్పుడూ లేదు.

"ఇది నువ్వే కదా," అన్నారు.

గొంతు కోపంగా లేదు. అలిసిపోయి ఉంది. పరీక్షకి వెళ్ళేవాళ్ళ జాబితా ఇన్‌స్పెక్షన్ మర్నాడు పంపాలట. అందులో అక్క పేరు ఉండాలంటే ఈలోపు ఏదో ఒకటి తేలాలట.

జూన్ 28

ఆ ప్రశ్న రాసింది నేను. అందరినీ నిజం చెప్పండని బతిమాలింది నేను. నా ఫారం నేను నింపేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎప్పుడూ లేదు. గీసేసి కిందికి వెళ్ళిపోయాను. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు.

ఐసీయూలో ఒక తాతకి మెడ నరంలోకి మందులెక్కించే లైన్ వేసింది నేను. మొదటిసారి. ఐసీయూ సారు కారులో ఉన్నారు. "స్పీకర్‌లో పెట్టు, చెప్తుంటాను, చెయ్యి," అన్నారు. సగం చెప్పాక ఫోన్ కట్ అయింది. సూది చేతిలో ఉంది. మిగతా సగం పుస్తకంలో చదివింది గుర్తు తెచ్చుకుని వేశాను. మర్నాటికి ఆయన ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. పక్కటెముకల మధ్య గొట్టం వేయాల్సొచ్చింది. కోలుకుని ఇంటికి వెళ్ళాడు. వెళ్తూ నాకు దణ్ణం పెట్టాడు. అలా అవుతుంటాయి అన్నారు సారు. నేనూ అలా అవుతుంటాయి అనుకున్నాను.

దానికి నేను అనుభవం అని పేరు పెట్టుకున్నాను. మంచి మాట. ఎంత మంచి మాట దొరికితే అంత బాగా నిద్ర పట్టింది నాకు.

జూన్ 30

అందరినీ అడిగాను. కమిటీ వాళ్ళు ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచి మాట్లాడతారు. అప్పుడు చెప్పండి, చాలు.

మొదటి సంవత్సరంలో చేరిన కొత్తమ్మాయి నా చేతులు పట్టుకుంది. తనకింకా రెండేళ్ళు ఇక్కడే గడవాలని, దయచేసి అడగొద్దని అంది. ఏడ్చింది కూడా. అంటే ఉంది. ఏదో ఒకటి ఉంది.

పొడుగు మొదట నవ్వాడు. "నన్ను ఒంటరిగా వదిలెయ్యని రోజు అడుగు, గుర్తు తెచ్చుకుంటాను."

"అయితే చెప్పు వాళ్ళకి. ఒక్కటి చెప్పు."

"చెప్పను."

"అక్క పరీక్ష పోతుంది."

"నేను చెప్తే నాదీ పోతుంది. మా ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్న షాపుకొచ్చే ప్రతివాడికీ నా ఫొటో చూపిస్తాడు, తెలుసా? నిజం రాయండన్నావు. రాసినావిడ ఏమైందో కళ్ళతో చూశాను. మళ్ళీ నా దగ్గరికే వచ్చి నిజం చెప్పమంటున్నావ్. నీకు మొహం ఎలా చెల్లిందసలు?"



జూలై 2

అక్క సంజాయిషీ రాసింది. నన్ను చూడమంది. మాటలు సరిచెయ్యమంది. "తప్పు నాదే, క్షమించగలరు" అని ఉంది.

"ఇలా రాయకు."

"మరెలా రాయాలి? నీకు మంచి మాటలు వచ్చుగా. చెప్పు."

పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

"ఆర్నెల్లు పొడిగిస్తారు, అంతేగా," అంది అక్క. "బుజ్జికి ఇంకో ఆర్నెల్లు స్నానం చేస్తున్నానని చెప్తే సరి." నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి మొహం మీద అలాగే ఉండిపోయింది. అక్క దాన్ని తుడిచేసుకోవడం కూడా మర్చిపోయింది.

జూలై 5

సెమినార్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. చేతులు ఊరికే ఉంచుకోలేక.

లోపల ముగ్గురున్నారు. మేడమ్‌ని బయటే ఉండమన్నారు. నేను ముందు వెళ్తానని అడిగి వెళ్ళాను.

మధ్యలో కూర్చున్నావిడ నా సర్వేని మెచ్చుకున్నారు. ప్రశ్నలు చాలా స్పష్టంగా ఉన్నాయట. వేరే ఆస్పత్రులకి కూడా ఇలాంటివే తయారుచేసుకోమని చెప్తారట. ఈ మాట కోసమే కదా నేను రోజుల తరబడి మాటలు వెతికింది. విన్నాను. 

"మూడో ప్రశ్నకి నేను రాసింది అబద్ధమండీ," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీశారు. తాత సంగతి చెప్పాను. కారు, స్పీకరు, చేతిలో సూది, మర్నాడు గాలి. ఎక్కడా ఆగి మాట ఏరుకోలేదు. ఆ రెండు గళ్ళ సంగతి కూడా చెప్పాను. వాటివల్ల ఎవరు దొరికిపోయారో, ఎవరు దాక్కున్నారో చెప్పాను. దాక్కున్నవాళ్ళలో నన్ను ముందు చెప్పాను.

"మీ పేరు రాసుకోవచ్చా?" అని అడిగారు.

"రాసుకోండి."

బయటికి వచ్చేసరికి మేడమ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నా వైపు తిరగలేదు. నాదీ అక్కదీ కలిపితే రెండు. రెండు చాలవు. ఆ సంగతి వెళ్ళేముందే తెలుసు నాకు.

తర్వాత కొత్తమ్మాయి వెళ్ళింది. నేను పెన్ను మూత తీసేలోపే వచ్చేసింది. వచ్చి నాకు దూరంగా, ఆ చివర కూర్చుంది. మోకాళ్ళ వైపే చూసుకుంటోంది.

ఆఖరున అక్కని పిలుస్తారట. అక్క సంజాయిషీ కాగితం చేతిలో చుట్టుకుని కూర్చుంది. చేతి తడికి కాగితం మెత్తబడిపోయింది.

పొడుగుని పిలిచారు. అతను లేచి, చొక్కా సర్దుకుని, మా ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

ఇంకా రాలేదు.

ఆయా మంచినీళ్ళ గ్లాసుతో లోపలికి వెళ్ళింది. వెళ్ళినప్పుడు తలుపు సందులోంచి పొడుగు వీపు కనిపించింది. ముందుకి వంగి ఉంది. ఆయా ఖాళీ చేతులతో వచ్చి, మమ్మల్ని ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఇంకా రాలేదు. మేడమ్ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగారు. లేదు అని చెప్పి రావడానికి ఇంతసేపు పట్టదు.

అక్క తల ఎత్తింది.

ఆ చివర కొత్తమ్మాయి లేచింది. ఇంటికి వెళ్తోందనుకున్నాను. తన వంతు ఎప్పుడో అయిపోయింది కదా. వెళ్ళలేదు. నడుచుకుంటూ వచ్చి, ఆ తలుపు ముందు, మళ్ళీ లోపలికి వెళ్ళాల్సినదానిలా నిలబడింది.